ఏ మందుకు తాళం?

తెలుగులో "మందు" అన్న మాటకున్న సౌకర్యం మరో మాటకు లేదు. "మావారు మందు పుచ్చుకుంటున్నారండీ" అని మీరు పక్కింటావిడతో అన్నారనుకోండి. ఆవిడ మీ ముఖం చూసి గాని ఆ మాటకు అర్థం చెప్పలేదు. ముఖంలో దిగులు కనిపిస్తే జ్వరం మందు. సిగ్గు కనిపిస్తే ఆ రెండో మందు. రెండూ కనిపిస్తే ఇంక ఏమీ అడగదు, కాఫీ ఇచ్చి పంపిస్తుంది.

రెండు మందులూ సీసాల్లోనే వస్తాయి. రెండు సీసాలకూ మూతలుంటాయి. ఈ దేశంలో ఎవరి ప్రాణానికి ఎంత విలువో, ఎవరి డబ్బుకు ఎంత విలువో తెలుసుకోవాలంటే లావుపాటి అర్థశాస్త్ర గ్రంథాలు తిరగెయ్యక్కర్లేదు. ఈ రెండు సీసాల మూతలూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

"ఆడదానివి, బి.ఏ. చదివి కథలు రాసుకునేదానివి, నీకు విస్కీ సీసా మూతతో ఏం పనమ్మా?" అంటారేమో. కథల వల్లనే వచ్చింది పని. నేనిప్పుడు రాస్తున్న నవల్లో ఒక బారు యజమాని వున్నాడు. ఖరీదైన సీసాల్లో చవకరకం సరుకు పోసి అమ్మి మేడ మీద మేడ కడుతున్నాడు. ఎలా పోస్తాడో కాస్త వివరంగా రాయాలి గదా! మా పెద్దాడపడుచు కొడుకు సీసా మూతలు తయారుచేసే ఒక కంపెనీలో ఇంజనీరు. అతన్ని పిలిచి అడిగాను. "అత్తయ్యా, మీ విలన్ అంత తేలిగ్గా పొయ్యలేడు. మేం పొయ్యనివ్వం" అని నవ్వి, మర్నాడు ఒక మూత తెచ్చి నా రాతబల్ల మీద పెట్టి ముక్క ముక్కా విప్పి చూపించాడు.

చూశాక, నిజం చెప్పొద్దూ, నాకు ముచ్చటేసింది. మూత తిప్పగానే కిందనున్న ఉంగరంలాంటి అంచు పుటుక్కున తెగుతుంది. అదేం గొప్ప కాదు, మంచినీళ్ళ సీసాకు కూడా వుండేదే. అసలు కథ మూత కింద, సీసా గొంతులో వుంది. అక్కడ ఒక ప్లాస్టిక్ బిరడా బిగించి వుంటుంది. అందులో ఒక గోలీ.

గోలీసోడా గుర్తుంది గదా! 1872లో ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఆయన పేటెంటు తీసుకున్న సీసా అది. లోపలి గ్యాసు గోలీని పైకి తోసి, మెడలోని రబ్బరు రింగుకు అదిమి పట్టుకుంటుంది. ఈ విస్కీ గోలీ దానికి దూరపు చుట్టం. దీనికి గ్యాసుతో పని లేదు, తన బరువే తనకు చాలు. సీసా నిలబెడితే గోలీ దారికి అడ్డంగా కూర్చుంటుంది. వంచితే పక్కకు దొర్లి దారి ఇస్తుంది. లోపలున్నది బయటికి రావచ్చు గాని బయటున్నది లోపలికి పోవడానికి వీల్లేదు. మన కాపురాలకు సరిగ్గా తలకిందులన్నమాట! మనకు లోపలికి మేళతాళాలతో స్వాగతం, బయటికే దారి వుండదు.

చెప్పినంత సులువు కాదుట దాన్ని తయారుచెయ్యడం. సరుకు బయటికి రావాలంటే గాలి లోపలికి పోవాలి, లేకపోతే చుక్క జారదు. గాలికి దారి ఇస్తే ఆ దారినే దొంగ వస్తాడు. కాబట్టి ఆ దారిని వంకర్లు తిప్పాలి. సూది దూరకుండా గోలీ మీద గొడుగులాంటి కాపలా పెట్టాలి. బిరడా మొత్తాన్నే పీకి మళ్ళీ పెడదామని ఎవరైనా చూస్తే అది విరిగిపోవాలి, విరిగినట్టు కొనేవాడి కంటికి కనబడాలి. సీసా గొంతు కాస్త వదులైతే కారుతుంది, కాస్త బిగువైతే బిగించేటప్పుడే పగులుతుంది. ఇంత చేసినా గ్లాసులోకి వంచినప్పుడు ధార సన్నగా, ఒద్దికగా రావాలిట. గుడగుడమని దుమికితే తాగేవారికి మర్యాదగా వుండదుట! ఇటలీలో పుట్టిన గ్వాలా అనే కంపెనీ పేరు మన దేశంలో ఈ తరహా మూతకే పేరైపోయింది, వనస్పతికి డాల్డా అని పేరైనట్టు. ఇదంతా అయ్యాక పైన ఎక్సయిజు వారి హోలోగ్రామ్ చీటీ.

ఎంతమంది బుర్రలు, ఎన్ని ఏళ్ళు, ఎంత పట్టుదల! ఒక చెంచాడు బ్రాందీ తన సీసాలోంచి వెళ్ళిపోయాక మరో చెంచాడు దాని స్థానంలోకి రాకూడదని.

ఇక రెండో మందు సీసా తియ్యండి. మీ ఇంట్లో ఫ్రిజ్ మీదో, అద్దం బీరువాలోనో వుంటుంది. పిల్లల జ్వరం మందు. ఎర్రగా, తియ్యగా, పళ్ళరసం వాసనతో వుంటుంది. బిడ్డ మారాం చెయ్యకుండా తాగాలని అలా చేశారు. మూత తిప్పండి. మొదటిసారి ఉంగరం తెగుతుంది. ఆ తర్వాత? ఆ తర్వాత ఏమీ లేదు. మూడేళ్ళ పిల్ల కూడా "టక్" మని తిప్పేస్తుంది. పారాసెటమాల్ మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుందని చిన్న అక్షరాల్లో రాశారు గాని, ఆ పిల్లకు ఇంకా అక్షరాలు రావు గదా!

దాని పక్కన బాత్‌రూమ్ యాసిడ్ సీసా చూడండి. మా వీధిలోకి తోపుడు బండి మీద ఫినాయిలూ, యాసిడూ తెచ్చి అమ్ముతారు. కూల్‌డ్రింకు సీసాల్లోనే పోసి అమ్ముతారు, కూల్‌డ్రింకు మూతే పెట్టి అమ్ముతారు. పల్లెల్లో కిరసనాయిలుకూ అదే సీసా. మన పిల్లల ఆస్పత్రుల్లో పనిచేసిన ఏ డాక్టరునైనా అడగండి, నీళ్ళనుకుని కిరసనాయిలు గుక్క వేసిన పసివాళ్ళ గురించి చెబుతారు. అది పొట్టకన్నా ఊపిరితిత్తులకు చేసే హాని ఎక్కువ. తెలియక వాంతి చేయించబోతే ఆ హాని రెట్టింపవుతుంది.

పిల్లల సీసాకు తాళం కనిపెట్టడం సాధ్యం కాదేమో అంటారా? ఎప్పుడో కనిపెట్టారు. కెనడాలో విండ్సర్ అనే ఊళ్ళో హెన్రీ బ్రో అని ఒక పిల్లల డాక్టరు వుండేవాడు. మందులు మింగి వచ్చిన పసివాళ్ళకు వైద్యం చేసి చేసి విసిగిపోయాడు. వైద్యం చెయ్యడం కాదు, మూత మార్చాలని పట్టుబట్టాడు. 1967లో తయారైంది అరచేత్తో గట్టిగా నొక్కి తిప్పితే గాని రాని మూత. నొక్కడం ఒక పని, తిప్పడం ఒక పని. రెండూ ఒక్కసారి చెయ్యడం పసివేళ్ళకు రాదు. అంతే కిటుకు! ఆ ప్రాంతంలో అలా ఆస్పత్రికి వచ్చే పిల్లలు పదింట తొమ్మిది వంతులు తగ్గిపోయారు. 1974లో ఆ రాష్ట్రం, ఒంటారియో, ఆ తరహా మూతను చట్టం చేసింది. అమెరికా అంతకు ముందే, 1970లో, ఇళ్ళల్లో వుండే ప్రమాదకరమైన సరుకులకు పిల్లలు తియ్యలేని మూత పెట్టాలని చట్టం తెచ్చింది.

ఆ మూతను అక్కడ పరీక్షించే పద్ధతి వింటే మీకు నవ్వొస్తుంది. మూడున్నర ఏళ్ళు దాటి నాలుగుంపావు లోపున్న పిల్లల్ని కూర్చోబెట్టి చేతికి సీసాలిస్తారు, లోపల మందు లేకుండానే. "తియ్యండి" అంటారు. అయిదు నిమిషాలు వదిలేస్తారు. రాకపోతే ఎలా తియ్యాలో ఒకసారి చూపిస్తారు కూడా! కావాలంటే పళ్ళతో లాగవచ్చని చెప్పి మరో అయిదు నిమిషాలిస్తారు. నూటికి 80 మంది చివరికి కూడా తియ్యలేకపోతేనే మూత నెగ్గినట్టు. అక్కడితో అయిపోలేదు. అదే మూతను 50 నుంచి 70 ఏళ్ళ పెద్దవాళ్ళ చేతికిస్తారు. వాళ్ళలో నూటికి 90 మంది తియ్యగలగాలి. మనవడికి రాకూడదు, బామ్మకు రావాలి. ఎంత చక్కటి లెక్క!

మన దేశంలో మన దుకాణంలో అమ్మే పిల్లల మందుకు ఇలాంటి మూత వుండి తీరాలన్న చట్టం లేదు. ఏవో కొన్ని కంపెనీలు తమంతట తాము పెడుతున్నాయి, సంతోషం. తమాషా ఏమిటంటే ఆ మూతలు మన దేశంలోనే తయారవుతాయి, సముద్రం దాటి వెళ్ళే సీసాలకు మన కార్మికులే బిగిస్తారు. అమెరికా పిల్లకు ఒక మూత, అనకాపల్లి పిల్లకు ఒక మూత!

ఇలా అనగానే నాకు వినబడే జవాబులు మూడు. మూడూ మగవారి గొంతుతోనే వినబడతాయి.

మొదటిది ఖర్చు. "మందుల ధర పెరుగుతుందమ్మా" అంటారు. విస్కీ సీసాకు గోలీ పెట్టినప్పుడు ధర పెరగలేదా? పెరిగితే తాగేవారు మానేశారా? ఖజానాకు రావలసిన పన్ను ఒక్క చుక్క కూడా జారిపోకూడదని తెలిస్తే మూత ఖర్చు ఎవరికీ ఖర్చుగా తోచదు. మన రాజ్యాంగం 47వ అధికరణం మత్తుపానీయాలను నిషేధించడానికి ప్రయత్నించమని ప్రభుత్వాలకు చెప్పింది. ప్రయత్నం సంగతి సరే, కాపలా మాత్రం బ్రహ్మాండంగా వుంది.

రెండోది ముసలివాళ్ళ మాట. "కీళ్ళనొప్పుల అత్తగారు ఆ మూత ఎలా తీస్తుంది?" అని హఠాత్తుగా అత్తగార్ల మీద జాలి పుట్టుకొస్తుంది. ఆ సంగతి కూడా ఆలోచించిపెట్టారు మహానుభావులు. చిన్నపిల్లలు లేని ఇళ్ళకోసం మామూలు మూత సీసా ఒక సైజులో అమ్ముకోవచ్చని ఆ అమెరికా చట్టమే వీలిచ్చింది, ఆ మాట పైన రాసి వుండాలి, అంతే.

మూడోది అన్నిటికన్నా పాత జవాబు. "తల్లి జాగ్రత్తగా వుండాలి." బిడ్డ ఏదో తాగి ఆస్పత్రికి వచ్చిందంటే మొదటి ప్రశ్న "ఎంత తాగింది?" రెండో ప్రశ్న "నువ్వేం చేస్తున్నావమ్మా?" తండ్రి పక్కనే నిలబడి వున్నా ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగరు. ఏం చేస్తూంటుందండీ? పప్పు పొయ్యి మీదుంది. పెద్దవాడి టిఫిన్ డబ్బా సర్దుతోంది. మామగారికి మాత్ర ఇస్తోంది. ఆఫీసు బస్సుకు ఇంకా పది నిమిషాలుంది. ఆవిడకు రెండే చేతులు, వీపు వెనక కళ్ళు దేవుడు పెట్టలేదు.

ఒక్క ప్రశ్న నన్ను అడగనివ్వండి. బారులో విస్కీ కల్తీ అయితే, ఆ యజమానిగారి తల్లిని పిలిపించి "నువ్వేం చేస్తున్నావమ్మా, పిల్లాణ్ణి కనిపెట్టి వుండలేకపోయావా?" అని ఎవరైనా అడిగారా? లేదు. అక్కడ సిద్ధాంతమే వేరు. మనిషిని నమ్మకూడదు. యజమాని యుధిష్ఠిరుడే కావచ్చు, సరే, గోలీ మాత్రం పెట్టు! అదే పసిబిడ్డ సీసా దగ్గరికి వచ్చేసరికి మనిషి మీద ఎక్కడలేని నమ్మకం. మూత అక్కర్లేదుట, గోలీ అక్కర్లేదుట, తల్లి వుందిగా! ఖర్చులేని తాళం. ఇరవైనాలుగు గంటలూ పనిచేసే తాళం. విరిగితే నింద కూడా దానిదే.

నేను విస్కీ మూతను తిట్టడం లేదు, అది గమనించండి. తాగేవాడు కూడా ఒకరి మొగుడే, ఒకరి కొడుకే. డబ్బు పెట్టి కొన్న సీసాలో ఏ మురికో కలిస్తే గుడ్డివాడయ్యేది అతను, అతన్ని చెయ్యి పట్టుకుని నడిపించేది ఆవిడ. కల్తీ ఆగితే మంచిదే. కానీ ఈ మూత ఎవరి దాకా వచ్చింది? సీసా ఖరీదు పెరిగేకొద్దీ తాళం గట్టిపడుతుంది. 2024 జూన్‌లో తమిళనాడులో కళ్ళకురిచ్చి దగ్గర మిథనాల్ కలిసిన సారా తాగి 60 మందికి పైగా చచ్చిపోయారు. వాళ్ళు తాగింది ప్యాకెట్లలో. ప్యాకెట్టుకు గోలీ ఎక్కడిది? కూలివాడి కడుపుకు ఇటలీ బిరడా ఎవరు బిగిస్తారు?

పోనీ, తాళం వున్నచోటైనా అది పూర్తిగా కాపాడుతుందా? 2025 అక్టోబరులో మన రాయలసీమలో ములకలచెరువు దగ్గర నకిలీ మద్యం తయారయ్యే చోటు పట్టుబడింది. సీసాలూ, లేబుళ్ళూ, మూతలూ అన్నీ అక్కడే. సీసాయే కొత్తగా తయారుచేసుకునేవాడికి పాత సీసా గొంతులో గోలీ వుంటేనేం, లేకపోతేనేం! అదే నెలలో మరో వార్త వచ్చింది. మధ్యప్రదేశ్‌లో ఛింద్వాడా జిల్లాలో దగ్గుమందు తాగి 20 మందికి పైగా పిల్లలు పోయారు. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ వుంది. అంటే కార్ల ఇంజన్లకూ, ఫ్యాక్టరీలకూ వాడే రసాయనం. దాన్ని వీధిలో ఎవరూ కలపలేదు. సీలు వేసే ముందే లోపలుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మూత ఏం పడుతుంది?

కాబట్టి తాళం ఏం చెబుతుందో, ఏం చెప్పదో మనం తెలుసుకుని వుండాలి. "నన్ను వేశాక ఎవరూ ముట్టుకోలేదు" అని మాత్రమే చెబుతుంది. వెయ్యకముందు ఏం పోశారో చెప్పదు. అది చెప్పవలసింది తయారీ దగ్గర పరీక్ష చేసే అధికారి. తాళం ఒక్కటీ చాలదు నిజమే. కానీ చాలదని చెప్పి విస్కీకి తీసెయ్యలేదు గదా, పిల్లల మందుకు మాత్రం అసలే ఎందుకు పెట్టరు?

తల్చుకుంటే మన ప్రభుత్వాలకు చాతకాక కాదు. 2023 ఆగస్టు నుంచి 300 రకాల పేరున్న మందుల మీద క్యూఆర్ కోడ్ ముద్రించి తీరాలన్నారు. అన్నాక ముద్రించారు. నకిలీ మందుల వల్ల కంపెనీలకు కూడా నష్టం గదా, కాబట్టి కదిలారు. పసివాడు మూత తిప్పి తాగేస్తే కంపెనీకి నష్టం లేదు. ఇంకో సీసా అమ్ముడవుతుంది.

అమెరికాలో 1982లో ఒక సంగతి జరిగింది. షికాగోలో ఎవరో దుర్మార్గుడు టైలినాల్ మాత్రల డబ్బాల్లో సైనైడ్ కలిపాడు. ఏడుగురు చచ్చిపోయారు. ఎవడు చేశాడో ఇప్పటికీ తేలలేదు. కానీ రెండు నెలలు తిరక్కుండానే అటువంటి మందుల డబ్బాలకు తెరిస్తే తెలిసిపోయే సీలు వుండాలని రూలు వచ్చింది. ఏడుగురు! మన దగ్గర ఎంతమంది పిల్లలు కావాలి?

తాళాల సంగతి ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకోవడం అప్పుడే మొదలెట్టిన ఆడవాళ్ళు ఊళ్ళోకి సారా రావడానికి వీల్లేదన్నారు. సీసా మూతలతో, గోలీలతో వాళ్ళకు పని లేకపోయింది. దుకాణానికే తాళం వెయ్యమన్నారు. అది జిల్లా దాటింది, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధమైంది. 1995 జనవరిలో మద్యనిషేధం పూర్తిగా వచ్చింది. 1997లో ఆ తాళం మళ్ళీ తీసేశారు, ఖజానా ఖాళీ అవుతోందని. సరే, తీశారు. కానీ వేయించింది ఎవరో జ్ఞాపకం వుంచుకోండి. ఇంజనీర్లు కారు, ఎక్సయిజువారు కారు.

ఇప్పుడు మనం అడగవలసింది అంతకన్నా చాలా చిన్నది. పిల్లల మందుకూ, యాసిడ్‌కూ, ఇంట్లో వాడే ప్రతి విషానికీ నొక్కి తిప్పే మూత వుండాలని చట్టం. కూల్‌డ్రింకు సీసాల్లో యాసిడ్ అమ్మితే శిక్ష. ముసలివాళ్ళకు వేరే సీసా. ఇందులో కనిపెట్టవలసింది కూడా ఏమీ లేదు. కనిపెట్టి ఏభై ఏళ్ళు దాటింది.

అంతవరకూ మనం చెయ్యగలిగినవి కొన్ని వున్నాయి. రేపు మందుల షాపుకు వెళ్ళినప్పుడు "పిల్లలు తియ్యలేని మూత వున్న సీసా వుందా?" అని అడగండి. లేదంటాడు. మళ్ళీ వారం మళ్ళీ అడగండి. పదిమంది అడిగితే కొట్టువాడు కంపెనీ మనిషిని అడుగుతాడు. వ్యాపారి చెవికి ఆ భాష బాగా వినపడుతుంది. బండివాడు యాసిడ్ తెస్తే కంపెనీ డబ్బాలోదే కొంటానని చెప్పండి. మీ ఇంట్లో ఎవరైనా ఆ రెండో మందు పుచ్చుకునేవారుంటే, ఖాళీ సీసా పాత సామాన్లవాడికి వేసే ముందు లేబుల్ చింపి, మూత నొక్కి వంకర చేసి మరీ వెయ్యండి. నిండు మూతతో వున్న ఖాళీ సీసాకు వాడు నాలుగు రూపాయలు ఎక్కువిస్తానంటే ఎందుకిస్తున్నాడో ఆలోచించండి.

మా ఇంజనీరు కుర్రాడికి ఇదంతా చెప్పాను. కాసేపు మూత చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. "పిల్లల మూత దీనికన్నా చాలా తేలికత్తయ్యా. గోలీ కూడా అక్కర్లేదు" అన్నాడు.

"మరి చెయ్యరేం?"

"ఆర్డరు ఇచ్చేవాళ్ళుండాలిగా!"

ఆర్డరు ఎవరివ్వాలో వేరే చెప్పాలా? మనమే ఇవ్వాలి. ఇచ్చేదాకా ఊరుకోకుండా ఇవ్వాలి. ఈలోగా ఆ ఎర్రమందు సీసా ఫ్రిజ్ మీంచి తీసి, పిల్ల కుర్చీ ఎక్కినా అందని అటక మీద పెట్టండి.